కోతికి ఎయిడ్స్ వైరస్ సోకితే దాని రక్షణ కణాలు ఏం చేస్తాయి? (అహోబిలం కోతి గీరిన సంగతి కూడా)

నంద్యాల నుంచి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే తమ్ముడు అడిగింది పొడుగ్గా ఉంది, కుదించి చెప్తా. పోయిన ఆదివారం ఎగువ అహోబిలం మెట్ల దగ్గర ఒక కోతి వాళ్ళ చిన్నోడి చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుంటూ చెయ్యి గీరింది. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే కోతుల్లో కూడా ఎయిడ్స్ లాంటి వైరస్ ఉంటుందని కనపడింది, అమ్మకు ఆ రాత్రి నిద్ర లేదు. ఇదొకటి. రెండోది తన సెమినార్ గురించి: ఆ వైరస్ ఒంట్లో ఉన్నా కొన్ని కోతులకు జబ్బే రాదంట కదా అన్నా, వాటి టి కణాలు (రక్తంలో, పేగులో ఉండే ఒక రకం రక్షణ కణాలు) మన వాటికంటే గట్టిగా కొట్లాడతాయా?

ముందు అమ్మ టెన్షన్ దించుదాం. మీకు ఫోన్లో కనపడిన ఆ ఎయిడ్స్ లాంటి వైరస్ పేరు ఎస్‌ఐవీ, అది ఆఫ్రికా కోతుల వైరస్. అక్కడ నలభైకి పైగా జాతుల్లో అది సహజంగానే ఉంది. ఆసియా కోతుల్లో, అంటే మన మక్కాక్ జాతుల్లో, అడవిలో అది సహజంగా ఉండదు. నల్లమల వైపు ఎక్కువగా కనపడేది టోపీ కోతి, నడినెత్తిన వెంట్రుకలు పాపిడి తీసి దువ్వినట్టు ఉంటాయి చూడు, తోక పొడుగు. అది గీరితే ఎయిడ్స్ రాదు, ఆ మాట అక్కడితో వదిలేయండి. పట్టించుకోవాల్సింది రేబిస్ గురించి. గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఐదు నిమిషాలకే చాల్లే అనిపిస్తుంది, అయినా కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టించాలి, రక్తం వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే అప్పుడు గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా కావాలి. మీరు ఆదివారమే పోయి వేయించామన్నారు కాబట్టి సగం పని అయిపోయినట్టే.

ఇక రెండో ప్రశ్న. దీని మీద నాకు కొంచెం మాట్లాడే అర్హత ఉంది. మాది ప్రొద్దుటూరు. ఇప్పుడు కర్నూలులో పాఠాలు చెప్పుకుంటున్నా గానీ అంతకుముందు ఆరేళ్ళు అమెరికాలో ఒక ప్రైమేట్ సెంటర్ (కోతుల మీద పరిశోధన చేసే చోటు) ల్యాబులో పనిచేశాను. ఎస్‌ఐవీ ఎక్కించిన కోతుల రక్తం, పేగు ముక్కలు, గజ్జల్లో బిళ్ళ కట్టింది అంటామే ఆ లింఫ్ గ్రంథుల ముక్కలు, ఇవన్నీ ఫ్లో సైటోమీటర్ అనే మిషన్ మీద నడిపి ఏ కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం నా పని.

అక్కడ కోతుల వంశవృక్షం చూసిన రోజు నాకు ఒక రకంగా అయింది. ఎస్‌ఐవీ పరిశోధనలో అందరూ కోరుకునే కోతిని 'ఇండియన్ రీసస్' అంటారు. మన ఉత్తరాది ఎర్రమూతి కోతులే. 1950లలో పోలియో టీకా రోజుల్లో లక్షల్లో ఎగుమతి చేశాం, 1978లో ప్రభుత్వం ఆపేసింది. అప్పటికే పోయిన వాటి మనవలు, మునిమనవలే ఇవి. ఆఫ్రికాలోని సూటీ మాంగబే కోతుల వైరస్ అమెరికా సెంటర్లలో ఎవరికీ తెలియకుండానే ఈ రీసస్‌లకు అంటుకుంది, ఇవి చిక్కిపోయి చచ్చిపోవడం మొదలుపెట్టాయి, 1985లో వైరస్ దొరికింది. ఆ మాంగబే వైరస్సే మనిషిలోకి వచ్చి హెచ్‌ఐవీ-2 అయింది. హెచ్‌ఐవీ-1 చింపాంజీల నుంచి వచ్చింది. మామూలు హెచ్‌ఐవీ-1 రీసస్‌లో పెరగదు, దాని కణాల్లో ట్రిమ్5 ఆల్ఫా అనే ప్రోటీన్ వైరస్‌ను లోపలికి రాగానే పట్టేస్తుంది, 2004లో తెలిసిన సంగతి ఇది. అందుకే ఎస్‌ఐవీతోనే పని.

నీ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది: జబ్బు రాని కోతి గట్టిగా కొట్లాడే కోతి అయి ఉండాలి అని. నేనూ మొదట్లో అదే అనుకున్నా. వైరస్ ఉన్నా జబ్బు రాని ఆ మాంగబే రక్తం రిపోర్టు చేతికొచ్చాక ఆ నమ్మకం పోయింది. మిల్లీలీటరు రక్తంలో లక్షల్లో వైరస్ ఉంది! మందులు వాడని హెచ్‌ఐవీ రోగిలో ఎంత ఉంటుందో దీంట్లోనూ అంతే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అయినా కోతి చెంగుచెంగున ఎగురుతోంది. దాని కిల్లర్ కణాలు (సీడీ8 రకం) వైరస్ మీదికి పోతున్నాయి గానీ రీసస్‌లో కంటే గొప్పగా ఏమీ పోవట్లేదు. అంటే వైరస్‌ను తగ్గించడం వల్ల ఈ కోతి బతకట్లేదు. మరి ఎందువల్ల?

దానికి పేగులోకి పోవాలి. రక్షణ కణాలంటే అందరూ రక్తం గురించే మాట్లాడతారు గానీ టి కణాల్లో పెద్ద వాటా పేగు గోడలో ఉంటుంది, వైరస్‌కు ఇష్టమైన రకం సీడీ4 కణాలు అక్కడే గుంపుగా ఉంటాయి. పేగు నుంచి మినపగింజంత ముక్క తీసి, ఎంజైముతో కరిగించి, జల్లెడ పట్టి, రంగుల యాంటీబాడీలు కలిపి మిషన్‌లో పెడతాం. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. ఆరోగ్యంగా ఉన్న కోతిలో రెండు మబ్బుల్లాగా కనపడతాయి, ఒకటి సీడీ4, ఒకటి సీడీ8. వైరస్ ఎక్కించిన మూడో వారం అదే రీసస్ పేగు ముక్క పెడితే సీడీ4 మబ్బు ఉండాల్సిన చోట నాలుగు చుక్కలు, అంతే. మొదటిసారి చూసినప్పుడు నేను యాంటీబాడీ వేయడం మర్చిపోయానేమో అనుకుని రెండో ట్యూబు మళ్ళీ రంగు వేసి నడిపాను. అదే ఫలితం. అదే రోజు అదే కోతి రక్తం చూస్తే మాత్రం సీడీ4 లెక్క కొంచెం తగ్గినట్టు ఉంది, అంతకుమించి ఏమీ తెలియదు. రక్తం ఒక్కటే చూసేవాడు మోసపోతాడు. 1998లో ఈ సంగతి మొదట బయటపెట్టింది రీసస్ పేగులే. తర్వాత మనుషుల పేగుల్లో వెతికితే అక్కడా ఇదే.

ఇక్కడిదాకా చాలా మంది చెప్తారు. అసలు మెలిక తర్వాత ఉంది. మాంగబే పేగులో కూడా మొదటి వారాల్లో సీడీ4 కణాలు బాగానే చస్తాయి. జబ్బు రాని ఇంకో రకం కోతి ఆఫ్రికన్ గ్రీన్ మంకీలోనూ అంతే. దెబ్బ అందరికీ తగులుతుంది, ఆ తర్వాత జరిగేదే వేరు. సీడీ4 కణాల్లో టిహెచ్17 అనే రకం ఒకటి ఉంది, పేగు గోడను గట్టిగా ఉంచే మేస్త్రీ అనుకో. రీసస్‌లో, మనిషిలో ఈ రకం పోతుంది, మాంగబేలో నిలుస్తుంది. గోడ చెడితే ఏమవుతుందో కేసీ కాలువ కింద పొలం ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. గండి ఒకచోట పడుతుంది, నీళ్ళు ఊరంతా పోతాయి. పేగులో కోట్లకు కోట్లు బాక్టీరియా, వాటి ముక్కలు ఆ గండిలోంచి రక్తంలోకి కారుతుంటాయి. రక్షణ వ్యవస్థకు అది నిత్యం మోగే అలారం. అలారం మోగితే టి కణాలు మేల్కొని విభజన చెందుతాయి, మేల్కొన్న సీడీ4 కణం వైరస్‌కు మంచి మేత. అంటే కొట్లాటకు పంపిన సిపాయే శత్రువుకు అన్నం పెడుతున్నాడు. ఇలా నెలలు, ఏళ్ళు జరిగితే లింఫ్ గ్రంథులు మచ్చలు కట్టి గట్టిపడతాయి, కొత్త కణాలు పుట్టే సత్తువ పోతుంది. రీసస్ ఏడాది రెండేళ్ళలో ఎయిడ్స్‌తో పోతుంది.

మాంగబే, గ్రీన్ మంకీలలో మొదటి రోజుల్లో అలారం బాగానే మోగుతుంది. వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ జీన్‌లు రీసస్‌లో లాగే భగ్గుమంటాయి. కానీ కొన్ని వారాల్లో వాటంతటవే ఆరిపోతాయి, వైరస్ అలాగే ఉండగానే! 2009లో ఒకే సమయంలో రెండు బృందాలు ఇది చూపించాయి. నా మట్టుకు ఈ రంగంలో ఇంతకంటే ముఖ్యమైన గ్రాఫ్ లేదు. రీసస్ గీత పైకి పోయి పైనే ఉంటుంది, మాంగబే గీత పైకి పోయి కిందికి దిగుతుంది. నీ సెమినార్‌లో ఒక్క స్లైడే పెట్టాల్సి వస్తే ఇదే పెట్టు.

దీన్ని తిరగేసి కూడా చూశారు. గ్రీన్ మంకీలకు కావాలని బాక్టీరియా విషం ఎక్కించి అలారం మోగిస్తే వాటిలోనూ వైరస్ పెరిగింది, సీడీ4 కణాలు తగ్గాయి. అంటే వీటి వైరస్ సాధువేమీ కాదు, ఒంట్లో మంట లేకపోవడం వల్లే అది అణిగి ఉంది. 2018లో మాంగబే జీనోమ్ మొత్తం చదివినప్పుడు ఆ బాక్టీరియా విషాన్ని పసిగట్టే టీఎల్ఆర్4 అనే జీన్‌లోనే తేడా కనపడింది, ఆ విషానికి వాటి కణాలు మన కణాల కంటే తక్కువగా స్పందిస్తాయి. గ్రీన్ మంకీ ఇంకో ఉపాయం పన్నింది, నాకు భలే నచ్చుతుంది. వైరస్ లోపలికి రావడానికి సీడీ4 అనే తలుపు కావాలి కదా, వాటి సీడీ4 కణాలు ఒకసారి పనిలోకి దిగాక ఆ తలుపునే పీకి పారేస్తాయి. చేసే పని మాత్రం మానవు. వైరస్ వచ్చి చూస్తే ఇల్లుంది, వాకిలి లేదు. రీసస్‌కూ మనకూ ఈ తెలివి లేదు, వైరస్‌తో వేల ఏళ్ళ సావాసం ఉన్నవాళ్ళకే అబ్బింది.

ఇంత చెప్పాను కదా అని కిల్లర్ కణాలు దండగ అనుకోవద్దు. సీడీ8 కణాలు నిజంగా పనిచేస్తాయా అన్న అనుమానాన్ని 1999లో రీసస్‌లలోనే తేల్చారు. సీడీ8 కణాలను తుడిచిపెట్టే యాంటీబాడీ ఇచ్చారు, వైరస్ ఎగబాకింది. కొన్ని వారాలకు కణాలు తిరిగొచ్చాయి, వైరస్ మళ్ళీ దిగింది. ఇంతకంటే తేటగా ఎవరు చూపించగలరు? మనిషిలో చేయలేని ప్రయోగం ఇది.

మరి ఆ కణాలు ఎందుకు గెలవట్లేదు అంటే మూడు గొడవలున్నాయి. వైరస్ వేషం మారుస్తుంది. మాము-ఏ01 అనే (వైరస్ ముక్కల్ని కిల్లర్ కణాలకు చూపించే, మనుషుల్లో హెచ్‌ఎల్ఏ లాంటి) జీన్ రకం ఉన్న రీసస్‌లలో కిల్లర్ కణాలు వైరస్ టాట్ ప్రోటీన్‌లోని ఒక ముక్కను గట్టిగా పట్టుకుంటాయి, నెల తిరిగేలోపే వైరస్ ఆ ముక్కనే మార్చేస్తుంది. రెండో గొడవ అలసట. అనంతపురం చేలల్లో వేరుశనక్కాయలకు పందుల కాపలా పోయినవాళ్ళకు తెలుసు, మొదటి వారం అలికిడైతే చాలు లేచి కేకేస్తాడు, నెల గడిచాక పంది పక్కన నిలబడ్డా కళ్ళు తెరవడు. రోజూ వైరస్‌నే చూస్తున్న కిల్లర్ కణం కూడా అంతే, ఒంటి మీద పీడీ-1 అనే బ్రేకు పెరిగి ఉంటుంది. ఎమరీ యూనివర్సిటీలో రామారావు అమర బృందం 2009లో రీసస్‌లకు ఆ బ్రేకు తీసే యాంటీబాడీ ఇస్తే కణాలు మళ్ళీ పనిలోకి దిగాయి, వైరస్ తగ్గింది, కోతులు ఎక్కువ కాలం బతికాయి. క్యాన్సర్ వార్డుల్లో ఇప్పుడు వాడే ఖరీదైన మందులు ఇదే బ్రేకు తీసే రకం.

మూడో గొడవ చోటుది. లింఫ్ గ్రంథిలో బి కణాల గుంపులుంటాయి, ఫాలికిల్స్ అంటారు. గుడి లెక్కలో చెప్పాలంటే అది గర్భగుడి. లోపలికి ప్రవేశం పూజారులకే, అంటే ఫాలికిల్ హెల్పర్ అనే సీడీ4 కణాలకు. కిల్లర్ కణాల్లో ఎక్కువ భాగం ముఖమంటపంలోనే ఆగిపోతాయి. వైరస్ పోయి ఆ పూజారుల లోపలే కూర్చుంటుంది, బయట ఎంత బందోబస్తు ఉంటే ఏం లాభం. వైరస్‌ను బాగా అణచి ఉంచే కొద్దిపాటి రీసస్‌లలో కూడా మిగిలిన వైరస్ ఎక్కడుందని 2015లో చూస్తే ఈ ఫాలికిల్స్‌లోనే దొరికింది. గ్రీన్ మంకీలో మాత్రం ఎన్‌కే కణాలు అనే ఇంకో రకం కిల్లర్లు గర్భగుడిలోకి కూడా దూరిపోతాయి, దాని లింఫ్ గ్రంథుల్లో వైరస్ తక్కువ ఉండేది అందుకే. 2017లో తెలిసిన మాట.

టీకా గురించి కూడా అడిగావు, దాని మీద నాకు కొంచెం కోపం ఉంది, ఎందుకంటే 'కోతుల్లో పనిచేసింది' అన్న మాట ప్రతిసారీ పేపర్లో పెద్దక్షరాల్లో వస్తుంది, ఐదేళ్ళకు మనుషుల్లో పనిచేయలేదన్న వార్త లోపలి పేజీలో మూల చిన్నగా వస్తుంది. 2007లో ఆగిపోయిన స్టెప్ అనే హెచ్‌ఐవీ టీకా ట్రయల్ సంగతి చూడు. అంతకుముందు ఆ రకం టీకా కోతుల్లో బాగుందన్నారు, కానీ పరీక్షించింది అణచడానికి సులువైన, ఎస్‌ఐవీ హెచ్‌ఐవీ కలిపి చేసిన కలగలుపు వైరస్‌తో. కోతి తప్పు లేదు, వైరస్‌ను ఎంచుకోవడంలో తప్పు. ఇంకో పక్క నెఫ్ జీన్ తీసేసిన బలహీన వైరస్‌నే టీకాగా ఇస్తే పెద్ద రీసస్‌లకు గొప్ప రక్షణ వచ్చింది, 1992లో. మూడేళ్ళకు అదే కోవలో, ఇంకా ఎక్కువ ముక్కలు తీసేసిన వైరస్ కూడా పసికోతులకు జబ్బు తెచ్చింది. మనుషులకు ఎవడిస్తాడు దాన్ని?

నాకు ఆశ్చర్యం తగ్గనిది ఆరెగాన్‌లో లూయిస్ పికర్ బృందం పని. సైటోమెగలో వైరస్ అనే, మనందరిలో ఊరికే పడి ఉండే వైరస్ కోతి రకంలోకి ఎస్‌ఐవీ ముక్కలు పెట్టి టీకా చేశారు. టీకా పొందిన కోతుల్లో దాదాపు సగం, వైరస్ సోకాక దాన్ని అణచివేసి, తర్వాత వెతికినా దొరకనంతగా తుడిచేశాయి. మిగతా సగానికి ఏ లాభమూ లేదు, మామూలు రీసస్ లాగే. మధ్యరకం లేదు. ఆ గెలిచిన కోతుల కిల్లర్ కణాలు పాఠ్యపుస్తకంలో రాసిన పద్ధతిలో కాకుండా ఎంహెచ్‌సీ-ఈ అనే, ఎవరూ లెక్కలోకి తీసుకోని అణువు ద్వారా వైరస్‌ను గుర్తుపడుతున్నాయని బయటపడ్డప్పుడు మా ల్యాబులో రెండు రోజులు వేరే మాట లేదు.

వైరస్ ఎంత తొందరగా దాక్కుంటుందో కూడా ఈ రీసస్‌లే చెప్పాయి. 2014లో వచ్చిన పని ఇది. వైరస్ ఎక్కించిన మూడో రోజున, రక్తంలో ఇంకా వైరస్ కనపడకముందే మందులు మొదలుపెట్టి ఆరు నెలలు ఇచ్చారు. ఆపాక వైరస్ తిరిగొచ్చింది. మూడు రోజుల్లో దాక్కునే చోటు వెతుక్కుంది!

అందుకే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు వాడిన సూది గుచ్చుకున్న నర్సమ్మలకు 72 గంటల్లోపు, కుదిరితే మొదటి కొన్ని గంటల్లోనే మందు అని పట్టుబడతారు. దీని వెనకా కోతులే ఉన్నాయి. 1998లో రీసస్ బంధువులైన మక్కాక్‌ల మీద చేసిన పని, మందు టెనోఫోవిర్. 24 గంటల్లో మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చిన కోతులన్నీ తప్పించుకున్నాయి, ఆలస్యం చేసినా, రోజులు తగ్గించినా కొన్నింటికి సోకింది. మన ఆసుపత్రుల్లో 28 రోజుల కోర్సు అని ఇస్తారే, ఆ సంఖ్య వెనక ఉన్న పనుల్లో ఇది ముఖ్యమైనది. నాకు తెలిసిన ఒకావిడకు శనివారం సాయంత్రం సూది గుచ్చుకుంటే ఆమె పనిచేసే చోట, పేరు వద్దులే, 'సోమవారం డాక్టరు వచ్చాక చూద్దాం' అన్నారు. ఆవిడ నాకు ఫోన్ చేసింది, నేను తిట్టాను, ఆ రాత్రే వేరే చోటికి పోయి మొదటి మాత్ర వేసుకుంది. తర్వాత పరీక్షల్లో ఏమీ రాలేదు. ఇలాంటి అవసరం ఎవరికైనా వస్తే 1097కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

సెమినార్‌కు ఒక మాట. మీ సార్లలో ఒకరైనా 'అయితే మనుషులకు రక్షణ వ్యవస్థను అణిచే మందులిస్తే సరిపోతుంది కదా' అని అడుగుతారు, నన్నూ అడిగారు. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకో: మాంగబేకు అణిగిన వ్యవస్థ లేదు, వేరే సూక్ష్మజీవుల మీదికి అది బాగానే పోతుంది. ఈ ఒక్క వైరస్ విషయంలో, మొదటి వారాల తర్వాత మంట ఆర్పుకోవడం దానికి వచ్చు. గంపగుత్తగా అణిచేస్తే టీబీ లేస్తుంది, మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళను ఎక్కువగా చంపేది అదే. ఇంకొకటి, స్లైడ్ మీద ఉత్త 'కోతి' అని రాయకు, ఏ కోతో రాయి. రీసస్‌లో నిజమైనది మాంగబేలో తలకిందులు అవుతుంది, చైనా రీసస్‌లో జబ్బు మన రీసస్‌లో కంటే నెమ్మదిగా నడుస్తుంది. ఈ తేడా రాయనందుకే నా మొదటి ప్రజెంటేషన్‌లో మా బాస్ రెండో స్లైడ్ దగ్గరే ఆపేశాడు.

ఇంకేమైనా ఉంటే కింద అడుగప్పా, రాత్రిపూట చూస్తుంటా. చిన్నోడి తర్వాతి డోసు తేదీ ఆసుపత్రి చీటీ మీద రాసి ఉంటుంది, గాయం మానిపోయింది కదా అని మానేయొద్దని అమ్మకు చెప్పు.